రెండో ఖాళీ

షూటింగ్ క్లబ్బుకి కొత్తగా వచ్చినవాళ్ళు ఆవిడ పేరు విని మొదట నవ్వుతారు. ఖాళీ అక్క. పనీపాటా లేకుండా కూర్చునే మనిషి కాబోలు అనుకుంటారు. అరగంట చూశాక ఆ నవ్వు ఆగిపోతుంది. ఉదయం తొమ్మిదింటికి తుపాకుల గది తలుపు తీసింది మొదలు సాయంత్రం ఆరింటికి తాళం వేసేదాకా ఖాళీ అక్కకి క్షణం ఖాళీ ఉండదు. ఈ జోకు ఎంత పాతదంటే క్లబ్బులో ఇప్పుడు దానికి ఎవరూ నవ్వరు, కొత్తవాళ్ళకి చెప్పడం మాత్రం మానరు.

ఆ గది పొడవు పన్నెండడుగులు, వెడల్పు ఎనిమిది. కిటికీ లేదు. ఉండకూడదని రూలు. గోడకి బిగించిన రెండు ఇనప బీరువాలు, ఒక బల్ల, ఒక స్టూలు, మూలన మోకాలెత్తు ఇసుక బకెట్టు. హాలు వైపు గోడలో టికెట్ల కౌంటరుకి ఉన్నట్టు ఒక కంత ఉంటుంది. తుపాకులు రావడం, పోవడం అందులోంచే. ఆ కంతలోంచి చూస్తే కాల్చేవాళ్ళు నిలబడే గళ్ళు ఆరింటిలో మూడే కనిపిస్తాయి. మిగతా మూడింటిలో ఏం జరుగుతోందో చెవులతో తెలుసుకోవాల్సిందే.

పేరు రావడానికి కారణం అక్కడి పద్ధతి. తుపాకీ చేతులు మారినప్పుడల్లా, ఇచ్చేవాళ్ళు గడియలాంటి బోల్టుని వెనక్కి లాగి, తూటా కూర్చునే చోటుని కంటితో చూసి, చిటికెన వేలు పెట్టి తడిమి, పైకి "ఖాళీ" అనాలి. తీసుకునేవాళ్ళు అదే తుపాకీని, ఇప్పుడే కళ్ళముందు ఖాళీ అన్న తుపాకీని, మళ్ళీ చూసి, మళ్ళీ వేలు పెట్టి, మళ్ళీ "ఖాళీ" అనాలి. అప్పుడే తీసుకోవాలి. మొదటి ఖాళీ మర్యాద, రెండో ఖాళీ ప్రాణం అని అక్కడి శిక్షకుడు మాస్టారు చెప్పేవారు. రోజుకి వందసార్లు ఆ మాట అనే మనిషికి ఆ పేరు కాక ఇంకేం పేరు పెడతారు?

మాస్టారు ఆవిడకి స్వయానా మామగారు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. అత్తగారు పోయిన ఏడాది, మామగారు ఆరు చిరిగిన కోట్లు తెచ్చి మిషను పక్కన పడేశారు. మందపాటి గుడ్డ, భుజానికీ మోచేతికీ తోలు ముక్కలు. సూదులు పుటుక్కుమని విరిగిపోయే రకం.

"ఇవి కుట్టగలవా అమ్మాయ్?"

"కుట్టగలను గానీ మామయ్యా, ఇవేసుకుని ఏం చేస్తారో చూస్తేగానీ ఎక్కడ బలం కావాలో నాకెలా తెలుస్తుంది?"

ఆ జవాబు ఆయనకి నచ్చింది. మర్నాడు వెంటబెట్టుకు వెళ్ళారు. కోట్లు చూద్దామని వెళ్ళిన మనిషి పన్నెండేళ్ళుగా అక్కడే ఉండిపోయింది.

అయితే నేర్చుకోవడం అంటే వెళ్ళగానే ఢాం ఢాం అని పేల్చేయడం అనుకుంటే పొరపాటు. మూడు వారాల పాటు మాస్టారు ఆవిడకి ఒక్క తూటా చూపించలేదు. తుపాకీ పట్టుకో, గొట్టం గురి గోడ వైపే ఉంచు, వేలు ట్రిగ్గరు మీద కాదు పక్కన పెట్టు, బోల్టు తీసి చూడు, ఖాళీ అను, దింపు. మళ్ళీ పట్టుకో. నాలుగో వారం మొదటిరోజు ఆయన తన రైఫిలు తీసి, "ఖాళీయేనమ్మా, పట్టుకో" అని చేతికిచ్చారు. మామగారు రెండు చేతులా ఇస్తే కోడలు రెండు చేతులా అందుకుంది. బోల్టు లాగి చూడటానికి చెయ్యి రాలేదు. పెద్దాయన చెప్పాక మళ్ళీ తెరిచి చూస్తే ఆయన మాట అబద్ధం అన్నట్టు కాదూ? ఆయనే లాగి చూపించారు. లోపల ఒక గుల్ల ఉంది. పేలిపోయిన ఉత్త గుల్లకి గోళ్ళరంగు పూసి, ఎర్రగా చేసి పెట్టుకున్నారు, పరీక్షల కోసమే.

"మామయ్యగారు చెప్పారు కదా అని..." అని నసిగింది.

"తుపాకీకి మామయ్యలు, బాబయ్యలు ఉండరు" అన్నారు మాస్టారు. ఇంకో నెల తూటా ఇవ్వలేదు.

ఆ ఎర్ర గుల్ల పరీక్ష క్లబ్బులో ప్రసిద్ధి. ఎప్పుడు ఎవరికి పెడతారో తెలియదు. పట్టుకున్నవాళ్ళకి భుజం మీద ఒక తట్టు, పట్టుకోనివాళ్ళకి నెల రోజుల శిక్ష. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా దానికి భయపడి, మాస్టారు మంచినీళ్ళ గ్లాసిచ్చినా అందులోకి తొంగిచూసేవారు.

ఆవిడ మాత్రం మళ్ళీ ఎన్నడూ తప్పలేదు. పైగా గురి అబ్బింది. ఊపిరి సగం వదిలి, సగం పట్టి, నల్ల చుక్క నిలకడగా కూర్చున్న ఆ ఒక్క క్షణంలో వంటింటి గోల, బజారు గోల, లోపలి గోల అన్నీ ఆగిపోయేవి. ఇంట్లో ఎవరూ ఇవ్వని నిశ్శబ్దం అది. తుపాకుల గది చూసుకునే మనిషి మానేస్తే ఆ ఉద్యోగం ఈవిడకే ఇచ్చారు. ఇంట్లో ఆగిపోయిన గడియారం చూసి మామగారు ఏడు అంటే ఏడే అనాలి. ఆయన మాటకి ఎదురన్నది లేదు. కంత దగ్గర మాత్రం రోజూ ఆయన కళ్ళముందే ఆయన మాట నమ్మకుండా తెరిచి చూసేది. అలా చూసినప్పుడల్లా ఆయన మీసం కింద చిన్న నవ్వు కదిలేది. కోడలికి అంతకంటే గొప్ప మెప్పు లేదు.

ఇలా నడుస్తున్న బండి చక్రం ఒకరోజు చిన్నగా కిర్రుమంది. ఆ సాయంత్రం మాస్టారు కంతలోంచి రైఫిలు ఇచ్చి "ఖాళీ" అన్నారు. ఆవిడ వేలు పెట్టింది. వేలికి చల్లగా తగిలింది. చూస్తే తూటా. ఎర్ర గుల్ల కాదు, నిగనిగలాడే అసలు తూటా. ఒంటితూటా రైఫిలు అది. తూటాని బొటనవేలితో లోపలికి నెట్టి, బోల్టు వెయ్యకుండా, మధ్యలో ఎవరితోనో మాట్లాడి మరిచిపోతే అలాగే కూర్చుని ఉంటుంది.

"మాస్టారూ, లోపలుంది."

ఆయన ఒక్క రెప్పపాటు ఆగారు. "పరీక్ష" అని కంతలోంచి భుజం తట్టారు. "పాసయ్యావు."

"అసలుదానితోనా?"

"నీలాంటి సీనియర్లకి గుల్లలతో ఏం పరీక్షమ్మా!"

ఆవిడ పొంగిపోయింది. నిజం చెప్పాలంటే, పొంగిపోవాలనే అనుకుంది. ఆ తర్వాతి నెలలో మరోసారి అదే జరిగింది. అదే మాట, అదే తట్టు. హాల్లో ఉన్నవాళ్ళు "మాస్టారు అక్కకి కూడా పరీక్షలు పెడుతున్నారే!" అని నవ్వారు. ఈసారి ఆవిడకి నవ్వు రాలేదు. మూడోసారి ఆయన ముఖం సూటిగా చూసింది. లోపలుంది అనగానే ఆయన చెయ్యి చొక్కా జేబు తడుముకుంది, తూటా అక్కడ ఉండాలన్నట్టు. కళ్ళల్లో బెదురు. సంతలో అమ్మ చెయ్యి వదిలేసిన పిల్లాడి బెదురు. తర్వాతే "పరీక్ష" అన్న మాట వచ్చింది.

ఆ క్షణంలో ఆవిడకి అంతా తెలిసిపోయింది. ఆ మధ్య ఇంట్లో బోల్టు అనబోయి "అదే... ఆ లాగేది" అన్నారు. ఒకే పేపరు రోజుకి రెండుసార్లు చదువుతున్నారు. ఇవన్నీ డెబ్బై దాటిన ఎవరైనా చేసేవే అని ఊరుకుంది. కానీ తూటా మరిచిపోవడం వేరు. మరిచిపోయినదాన్ని దాచుకోవడానికి ఆయనకి పరీక్ష అనే ముసుగు సిద్ధంగా దొరకడం ఇంకా వేరు. ఏది పరీక్షో ఏది మరుపో చెప్పగలిగిన మనిషి లోకంలో ఆవిడ ఒక్కర్తే.

చెప్పడం ఎలా? కంత పక్కనే మేకుకి దారంతో కట్టిన సంఘటనల పుస్తకం వేలాడుతుంటుంది. చిన్నదో పెద్దదో తప్పు జరిగితే ఎవరైనా అందులో రాయొచ్చు. రాయాలి కూడా. ఆ పుస్తకం పెట్టించింది మాస్టారే. అందులో ఆయన మీద రాస్తే ఆయన శిక్షణ లైసెన్సు పోతుంది. నలభై ఏళ్ళ పరువు కోడలి చేతిమీదుగా పోతుంది. రాయకపోతే ఏదో ఒకరోజు ఎవరి ప్రాణమో పోతుంది. మింగమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

భర్తకి చెప్పింది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తండ్రి అంటే ఆయనకి గౌరవం కంటే జంకు ఎక్కువ. కుర్రతనంలో ఎర్ర గుల్ల పరీక్షలో మూడుసార్లు తప్పి, మళ్ళీ ఆ గడప తొక్కని మనిషి.

"నాన్నని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుందో తెలుసా? పులిని వంటింట్లో కట్టేసినట్టే. మనల్ని బతకనిస్తాడా?"

"ఎవరికైనా తగిలితే?"

"నువ్వున్నావుగా చూడటానికి." తనకి తెలిసిన భాషలో చెప్పాడు. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు ఫోను చేస్తే మేం చెప్పేది ఒకటే. కంగారుపడి ఏ బటనూ నొక్కకండి, తలుపులు లాగకండి, కదలకుండా కూర్చోండి. నువ్వూ అంతే. కదలకు."

"మీరైతే వెళ్ళి తీస్తారు. నన్ను తియ్యడానికి ఎవరొస్తారు?"

ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

అప్పటినుంచి ఖాళీ అక్క బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆయన హాల్లో ఉన్నంతసేపూ కంత వదిలి కదలదు. బాత్రూముకి లేవాల్సి వస్తుందని మంచినీళ్ళు తాగడం మానేసింది. పక్క ఊళ్ళో తల్లికి కంటి ఆపరేషనయితే వెళ్ళలేదు. "కన్నతల్లి కంటే తుపాకులెక్కువయ్యాయా నీకు?" అని తల్లి ఫోనులో ఏడిస్తే, అవునమ్మా అనలేక, కాదమ్మా అని చెప్పలేక, ఊఁ కొట్టింది. కనిపించే మూడు గళ్ళల్లో మామగారి చేతుల్ని కళ్ళతో పట్టుకునేది. కనిపించని మూడు గళ్ళవైపు ఆయన వెళ్ళినప్పుడు ఒళ్ళంతా చెవులు చేసుకునేది. ఒక పేలుడుకీ ఇంకో పేలుడుకీ మధ్య ఉండే నిశ్శబ్దం, ఒకప్పుడు అంత ఇష్టమైన నిశ్శబ్దం, ఇప్పుడు గొంతు మీద కాలు పెట్టినట్టుండేది.

ఆ రోజుల్లోనే పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ కొత్తగా చేరింది. చక్కటి మనిషి, కలుపుగోలు. ఇద్దరు చిన్నపిల్లలు. పొద్దుటినుంచీ నోళ్ళు తెరిపించి చూడటమే నా పని కాబట్టి బోల్టు తెరిచి చూడటం నాకు కొత్తేం కాదు అని నవ్వించేది. మాస్టారు ఆవిడకి ఆరో గడిలో నేర్పించేవారు. ఆరో గడి కంతకి కనిపించదు.

ఒకసారి ఇంట్లో, ఆయన టీ తాగుతుంటే ధైర్యం తెచ్చుకుని కదిపింది. "మామయ్యా, రోజూ రావడం కష్టంగా ఉందేమో. వారానికి మూడు రోజులు పెట్టుకుంటే..."

"ఎవరికి కష్టం? నాకా, నీకా?"

"మీకేనండీ."

"నాకేం కష్టంలేదు" అని కప్పు కిందపెట్టారు. ఆ చప్పుడుతో ఆ మాట అయిపోయింది. కంత దగ్గర ఆయన మాటని వందసార్లు తెరిచి చూసిన మనిషి, వంటింటి గుమ్మంలో ఒక్కసారి తెరిచి చూడలేకపోయింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

అలా నూట పది రోజులు గడిచాయి. ఆ రోజు సాయంత్రం అయిదయింది. పదకొండు తుపాకులు వెనక్కి రావాలి. పది వచ్చాయి, ప్రతిదానికీ రెండు ఖాళీలు. చివరిది మాస్టారిది. ఆయన కంత దగ్గరికి నడిచి వస్తుంటే ఎడమ బూటు లేసు ఊడి నేలమీద ఈడుస్తోంది. పక్కనే రెండు మెట్లున్నాయి. తొక్కుకుంటే బోర్లా పడతారు. ఆవిడ కళ్ళు ఆ లేసు మీద ఉన్నాయి.

"ఖాళీ" అన్నారు మాస్టారు.

"ఖాళీ" అంది ఆవిడ, లేసునే చూస్తూ. "మామయ్యా, లేసు! లేసు ఊడింది, చూసుకోండి."

ఆయన వంగి కట్టుకున్నారు. ఆవిడ తుపాకీని బల్లమీద మిగతా పదింటి పక్కన పెట్టింది.

మూడున్నర నెలలుగా మనిషిని కాపలా కాసీ కాసీ, తుపాకీని చూడటం మరిచిపోయింది. పన్నెండేళ్ళు అని అని అరిగిపోయిన మాట నోట్లోంచి దానంతటదే వచ్చింది. కన్ను వెళ్ళలేదు, వేలూ వెళ్ళలేదు.

తుపాకీని బీరువాలో పెట్టేముందు లోపలి స్ప్రింగు దింపాలి. బోల్టు మూసి, గొట్టాన్ని ఇసుక బకెట్టు వైపు వంచి, ట్రిగ్గరు నొక్కితే టిక్ మంటుంది. నిజానికి బోల్టు మూసేముందు ఇంకోసారి చూడాలి. ఇప్పుడే కదా చూశాం అని ఎవరూ చూడరు. మొదటిది టిక్, రెండోది టిక్, అలా పది టిక్కులు. పదకొండోది పేలింది.

కిటికీల్లేని గది. చెవి గూబలదిరిపోయాయి. ఇసుక ముఖానికి కొట్టింది. కొంతసేపు ఆవిడకి తను నిలబడి ఉందో పడిపోయిందో తెలియలేదు. బకెట్టుకి ఏమీ కాలేదు. తూటా ఇసుకలో మెత్తగా ఆగిపోయింది. గొట్టం అటువైపే ఉంచాలన్న ఒక్క అలవాటు మిగలబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

సెక్రటరీ పరిగెత్తుకొచ్చాడు. ఆయన టైల్సు షాపు యజమాని, క్లబ్బు వ్యవహారాలు చూసేది ఆయనే. వెనకాల పళ్ళ డాక్టరమ్మ, ఇంకో ఇద్దరు. కంత అవతల మాస్టారు నిలబడి ఉన్నారు. ఆయన తుపాకీని చూశారు, బకెట్టుని చూశారు, కోడలి ముఖం చూశారు. ఆవిడ ఆయన కళ్ళల్లోకి చూస్తూ నిలబడింది. చెప్పండి మామయ్యా, మీరే చెప్పండి అని మనసులోనే బతిమాలుకుంది.

"పరీక్ష పెట్టాను" అన్నారు మాస్టారు, అందరికీ వినిపించేలా. "అమ్మాయి ఫెయిలయింది."

ఆవిడకి ఏడుపు రాలేదు. అందులో అబద్ధం సగమే ఉంది మరి. ఫెయిలయిన మాట నిజం.

సెక్రటరీ ఆవిడని పక్కకి పిలిచాడు. ఆయన తెలివితక్కువవాడేం కాదు, ఏదో ఉందని పసిగట్టాడు. అందుకే గొంతు తగ్గించాడు. "అక్కా, నీ పేరు మీద రాసేయ్. అజాగ్రత్త అని ఒక్క ముక్క. మూడు నెలలు సస్పెన్షను, సెలవనుకో. మాస్టారి మీదకి వెళ్ళిందనుకో, ఆయన లైసెన్సూ పోతుంది, ఇంకో శిక్షకుడు దొరికేదాకా క్లబ్బూ మూతపడుతుంది. ఆయన పరువు, నీ సంసారం, మా క్లబ్బు, అన్నీ ఒక్క ముక్కతో దక్కుతాయి."

ఆవిడకి అది న్యాయంగానే తోచింది. కలం అందుకుంది కూడా. అందుకుని, ఊరికే అడిగింది. "ఈ మూడు నెలలూ గది ఎవరు చూస్తారు?"

"మా షాపులో గోడౌను చూసేవాడున్నాడు, పంపిస్తాను. బంగారంలాంటి మనిషక్కా. పెద్దవాళ్ళు ఒకమాట చెప్తే ఎదురుచెప్పి ఎరగడు."

కలం ఆగిపోయింది. పెద్దవాళ్ళు చెప్తే ఎదురుచెప్పని మనిషి రేపటినుంచి ఈ స్టూలు మీద కూర్చుంటాడు. మాస్టారు ఖాళీ అంటే ఖాళీ అంటాడు. తప్పు మీదేసుకుంటే తను ఈ గది వదలాలి. వదిలితే ఆయన చేతి నుంచి వచ్చే తుపాకీకి అడ్డం ఎవరూ ఉండరు. ఆయన్ని కాపాడినట్టే కాపాడి, ఆయన చేత్తోనే ఎవరినో చంపించినట్టవుతుంది. ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగిన గోడ ఇప్పుడు ముక్కుకి తగిలింది. వెనక్కి వెళ్ళడానికీ దారిలేదు.

నిలబడే రాసింది. ఎడమచేత్తో పుస్తకం అదిమిపట్టి, ఆగకుండా రాసింది.

"తుపాకీ తీసుకునేటప్పుడు నేను చూడకుండా ఖాళీ అన్నాను. బోల్టు మూసేముందు మళ్ళీ చూడలేదు. రెండూ నా తప్పులే. తుపాకీ ఇచ్చిన శిక్షకులు కూడా చూడకుండా ఖాళీ అన్నారు. ఇది పరీక్ష కాదు. పరీక్షకి ఎర్ర గుల్ల వాడతారు, ఇందులో ఉన్నది తూటా. ఇంతకుముందు మూడుసార్లు ఇలాగే జరిగింది. శిక్షకులకి మరుపు వస్తోంది. ఇది తెలిసీ నేను ఇన్నాళ్ళు రాయలేదు."

కింద మూడు తేదీలు వేసింది. ఆ తేదీలు ఆవిడ ఎక్కడా రాసిపెట్టుకోలేదు. మరిచిపోతే కదా!

రాసింది శిక్షకుడు చదివి సంతకం పెట్టాలని నియమం. సెక్రటరీ పుస్తకం చేతికివ్వడానికి సందేహించాడు. మాస్టారే కంతలోంచి చెయ్యి చాపి తీసుకున్నారు. కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో అక్షరం మీదా ఆగుతూ చదివారు. డాక్టరమ్మ నేల చూపులు చూస్తోంది. ఆయన సంతకం పెట్టారు, ఎప్పటిలాగే గుండ్రటి అక్షరాలతో. కలం మూత పెట్టి తిరిగిచ్చారు. మెట్లు దిగి, బస్సు స్టాపు వైపు ముందు నడిచి వెళ్ళిపోయారు. ఆవిడ పది అడుగుల వెనక నడిచింది. బస్సులో కూడా వేరే సీట్లో కూర్చుంది.

వారం తిరక్కుండా లైసెన్సు రద్దయింది. ఆవిడకి మూడు నెలలు క్లబ్బు గడప తొక్కరాదని కాగితం వచ్చింది. క్లబ్బు మూతపడింది. "నువ్వసలు ఎవరింటి కోడలివి?" అని భర్త అరిచాడు. అరిచి, మర్నాటినుంచి పొద్దున్నే పనికి పోయి, ఇంకెవరో లిఫ్టులో ఇరుక్కున్నారన్న వంకతో ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న వాళ్ళ కూతురు ఫోను చేసి తాతయ్యనివ్వమంటే, మామగారు చెయ్యి అడ్డంగా ఊపారు.

ఇంట్లో పగలంతా ఇద్దరే. రెండు గదుల కొంప. ముందు గదిలో ఆయన కుర్చీలో, వెనక గదిలో ఆవిడ మిషను ముందు. ఆయన దగ్గు ఆవిడకి వినపడుతుంది, ఆవిడ మిషను చప్పుడు ఆయనకి వినపడుతుంది. బల్లమీద భోజనం పెట్టి పక్కకి తప్పుకుంటే వచ్చి తింటారు, కంచం కడిగి బోర్లిస్తారు. టీ పెట్టిన చోటే చల్లారిపోయేది. బజారుకి వెళదామంటే ఆయన్ని ఒంటరిగా వదిలేయడానికి భయం. ఇంట్లో ఉందామంటే ఊపిరాడదు. కిటికీల్లేని గదిలో పన్నెండేళ్ళు హాయిగా కూర్చున్న మనిషికి, నాలుగు కిటికీలున్న ఇంట్లో గోడలు దగ్గరికి జరుగుతున్నట్టుండేది. ద్రోహం చేశాను అనుకునేది. కాదు, మంచిపనే చేశాను అనుకునేది. ఏది అనుకున్నా తిన్నది ఒంటపట్టేది కాదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఆవిడ ఎవరిదో జాకెట్టు చంకలు కుడుతోంది. చప్పుడు చెయ్యకుండా మామగారు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆవిడ కాలు మిషను మీద ఆగిపోయింది. లేవబోతే కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు.

"ఎన్నిసార్లని రాశావు?"

"దాంతో కలిపి నాలుగు, మామయ్యా."

"నాకు రెండే గుర్తున్నాయి" అన్నారు ఆయన. "మొదటిదెప్పుడు?"

ఆవిడ తేదీ చెప్పింది. ఆయన గోడ క్యాలెండరు వైపు తిరిగి పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు. మధ్యలో తప్పారు. మళ్ళీ మొదలుపెట్టారు.

"ఆ పళ్ళ డాక్టరమ్మ చేరింది దాని తర్వాతే కదూ?"

"తర్వాతే."

"ఆవిడకి నేను నా చేత్తో తుపాకీ ఇచ్చానా?"

"ఇచ్చారు. రోజూ ఇచ్చారు."

"నువ్వు అక్కడే ఉన్నావా?"

"అక్కడే ఉన్నాను మామయ్యా. గోడకివతల."

తిడతారనుకుంది. ఇల్లు వదిలి పొమ్మంటారేమో అనుకుంది. పన్నెండు రోజులుగా ఆ తిట్లకే సిద్ధపడుతోంది. ఎందుకు రాశావు అంటే ఏం చెప్పాలో వందసార్లు వల్లెవేసుకుంది.

"మొదటిరోజే ఎందుకు రాయలేదు?" అన్నారు ఆయన. గొంతులో కోపం లేదు. అర్థంకాని లెక్క అడిగినట్టు అడిగారు. "నాకైతే మతి పోతోంది. నీకేం పోయిందమ్మాయ్?"

వల్లెవేసుకున్నదేదీ దీనికి పనికిరాలేదు. ఆవిడ చేతిలోని జాకెట్టు ముక్క వైపు చూసింది. మీ పరువు కోసం అనబోయింది. మీరు బాధపడతారని అనబోయింది. రెండూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి, ఎందుకంటే అవి నిజం కావు.

"భయమేసింది" అంది.

"దేనికి?"

"మీరంటేనే మామయ్యా. ఈ ఇంట్లో మీకు ఎదురుచెప్పాలంటే నాకు భయం."

మామగారు తలుపు చెక్క పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఏదో అనడానికి నోరు తెరిచారు, మాట దొరకలేదు. దొరకనిది మరుపు వల్లో, మరెందువల్లో ఆవిడకి తెలియలేదు. ఆయన వెళ్ళిపోలేదు. ఆవిడ లేవలేదు.